స్క్రైబా, కంప్యూటరా, సొంత చేతిరాతా? వైకల్యం ఉన్న విద్యార్థులు పరీక్ష రాసే పద్ధతిని ఎంచుకోవడం ఎలా

హైదరాబాద్‌లో డిగ్రీలోనో పీజీలోనో చేరిన వైకల్యం ఉన్న విద్యార్థికి సీటు వచ్చిన సంతోషం తీరకముందే ఎదురయ్యే ప్రశ్న, సెమిస్టర్ పరీక్ష ఎలా రాయాలన్నది. చాలామంది దీన్ని ప్రశ్నగానే చూడరు. పదో తరగతిలో స్క్రైబ్‌తో, అంటే తాము చెప్పే జవాబును రాసిపెట్టే వ్యక్తితో, రాశారు కాబట్టి ఇంటర్‌లోనూ స్క్రైబ్‌తోనే రాస్తారు, ఇంటర్‌లో రాశారు కాబట్టి డిగ్రీలోనూ అదే కొనసాగుతుంది. హాల్ టికెట్ చేతికి వచ్చాక, పరీక్షకు వారం ముందు, తమ్ముడి స్నేహితుడినో పక్కింటి ఇంటర్ విద్యార్థినో వెతుక్కుంటారు. నిజానికి విద్యార్థి ముందు నాలుగైదు దారులు ఉన్నాయి. ఏ దారి ఎంచుకున్నారన్న దాన్ని బట్టి మార్కులు మారతాయి, చదివే తీరు మారుతుంది, డిగ్రీ తర్వాత అందుబాటులో ఉండే అవకాశాలూ మారతాయి. అందువల్ల ఈ నిర్ణయం సెమిస్టర్ చివర కాక, మొదటి నెలలోనే జరగాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఈ వ్యాసం చూపు లేనివారిని, చూపు తక్కువగా ఉన్నవారిని, చేతుల కదలికలో ఇబ్బంది ఉన్నవారిని, రాతకు సంబంధించిన అభ్యసన వైకల్యం ఉన్నవారిని ప్రధానంగా దృష్టిలో పెట్టుకుని రాసింది. వినికిడి లోపం ఉన్న విద్యార్థుల అవసరాలు వేరు కనుక వారి గురించి చివర్లో ప్రత్యేకంగా రాశాను.

## ఏ దారికైనా వర్తించే హక్కులు

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అదనపు సమయం, స్క్రైబ్ సదుపాయం, రెండో భాష, మూడో భాషల నుంచి మినహాయింపు వంటి మార్పులను పరీక్షా విధానంలో తీసుకురావాలని ఈ చట్టంలోని 17వ సెక్షన్ చెబుతుంది. రాత పరీక్షల నిర్వహణపై కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాలు వివరాల్లోకి వెళ్తాయి. వాటి ప్రకారం స్క్రైబ్‌కు అర్హత ఉన్నవారికి పరిహార సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు. అంటే మూడు గంటల పరీక్షకు గంట, రెండు గంటల పరీక్షకు 40 నిమిషాలు, 45 నిమిషాల ఇంటర్నల్‌కు 15 నిమిషాలు అదనంగా రావాలి. స్క్రైబ్ వద్దనుకుని స్వయంగా రాసేవారికి కూడా మూడు గంటల పరీక్షకు కనీసం గంట అదనంగా ఇవ్వవచ్చునని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. స్క్రైబ్‌ను వదులుకుంటే సమయం కూడా పోతుందన్న భయంతో స్క్రైబ్‌ను అంటిపెట్టుకున్న విద్యార్థులు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ అంశాన్ని గుర్తుపెట్టుకోవడం అవసరం.

అంతకంటే ముఖ్యమైన మాట మరొకటి ఆ మార్గదర్శకాల్లో ఉంది. బ్రెయిల్‌లో రాయాలా, కంప్యూటర్‌పై రాయాలా, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం తీసుకోవాలా, జవాబులను రికార్డు చేసి ఇవ్వాలా అన్నది వీలైనంత వరకు అభ్యర్థి ఎంపికకు వదలాలని అవి చెబుతున్నాయి. మన కళాశాలల్లో మాత్రం ఎంపిక అంటే స్క్రైబ్ కావాలా వద్దా అన్న ఒక్క ప్రశ్నగానే మిగిలిపోయింది.

వైకల్యం 40 శాతం కంటే తక్కువ ఉన్నవారు తమకు ఏమీ రాదని అనుకుంటారు. రాయడంలో ఇబ్బంది ఉన్న అలాంటి వారి కోసం 2022 ఆగస్టు 10న ప్రత్యేక మార్గదర్శకాలు వచ్చాయి. దానికి ముందే, 2021 ఫిబ్రవరి 11న, వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్క్రైబ్ హక్కును 40 శాతం గీతకు కట్టిపడేయకూడదని తీర్పు ఇచ్చింది. ఆ అభ్యర్థికి ఉన్నది రాసేటప్పుడు చేతి కండరాలు బిగుసుకుపోయే సమస్య. 2025 ఫిబ్రవరి 3న గుల్షన్ కుమార్ కేసులో కోర్టు ఇదే దారిలో మరింత స్పష్టత ఇచ్చింది. మీ సర్టిఫికెట్‌లో 30 శాతం అని ఉన్నా, దరఖాస్తు పెట్టకుండా వెనక్కి తగ్గకండి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటి కొలమానం, వాక్యం మీద అదుపు. మీరు అనుకున్న వాక్యం, మీరు అనుకున్న క్రమంలో, మీరు అనుకున్న అక్షరాలతో జవాబుపత్రం మీదికి చేరుతోందా? సాహిత్యం, చరిత్ర, రాజనీతి శాస్త్రం, న్యాయశాస్త్రం వంటి వివరణాత్మక సబ్జెక్టుల్లో మార్కులు నిలిచేది, పోయేది ఇక్కడే. రెండో కొలమానం, సబ్జెక్టు స్వభావం. సమీకరణాలు, పటాలు, గ్రాఫ్‌లు ఉన్న పేపర్‌కు పనికొచ్చే పద్ధతి, వ్యాసాలు రాసే పేపర్‌కు పనికిరాకపోవచ్చు. ఒకే సెమిస్టర్‌లో రెండు పేపర్లకు రెండు పద్ధతులు కోరడంలో తప్పేమీ లేదు.

మూడోది మాధ్యమం. ఇంగ్లీషులో రాసేవారికి సులువైన దారి తెలుగులో రాసేవారికి కష్టం కావచ్చు, దాని గురించి కంప్యూటర్ దగ్గర వివరంగా రాస్తాను. నాలుగోది, పరీక్ష రోజు ఏదైనా తప్పిపోతే మీ చేతిలో ఏం మిగులుతుందన్నది. స్క్రైబ్‌కు జ్వరం రావచ్చు, కంప్యూటర్ మొరాయించవచ్చు, కరెంటు పోవచ్చు. ఐదోది, డిగ్రీ తర్వాతి ప్రయాణం. పరిశోధన, బ్యాంకు పరీక్షలు, యూజీసీ నెట్, ఉద్యోగంలో రోజువారీ పని, వీటిలో దేనికి మీ పద్ధతి మిమ్మల్ని సిద్ధం చేస్తుందో ఆలోచించాలి.

ఖర్చు అనే కొలమానాన్ని నేను కావాలనే చేర్చలేదు. పరీక్ష సదుపాయం కోసం విద్యార్థి డబ్బు ఖర్చు పెట్టాల్సిన అవసరం ఉండకూడదు. అద్దెకు స్క్రైబ్‌ను పెట్టుకునే పరిస్థితి వస్తే అది సంస్థ లోపమే తప్ప మీరు భరించవలసిన మామూలు ఖర్చు కాదు.

## సొంత స్క్రైబ్

మీరే ఎంచుకుని తెచ్చుకునే స్క్రైబ్‌తో ఉన్న పెద్ద లాభం పరిచయం. మీ ఉచ్చారణ, మీ వేగం, మీరు ఆలోచించడానికి ఆగే చోట్లు ఆ వ్యక్తికి తెలిసి ఉంటాయి. కండరాల మీద అదుపును దెబ్బతీసే సెరిబ్రల్ పాల్సీ వల్ల మాట స్పష్టంగా రాని విద్యార్థికి ఈ పరిచయమే అన్నింటికంటే విలువైనది. కొత్త స్క్రైబ్‌కు ఆ మాట అర్థం కావడానికే పరీక్షలో సగం సమయం పోతుంది.

ఇబ్బంది అర్హతల దగ్గర మొదలవుతుంది. 2013 నాటి మార్గదర్శకాలు స్క్రైబ్‌కు విద్యార్హత పరిమితి పెట్టవద్దని చెప్పగా, 2018 నాటివి సొంత స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు కింద ఉండాలని నిర్దేశించాయి. డిగ్రీ చదివే విద్యార్థి ఇంటర్ స్థాయి వ్యక్తిని వెతుక్కోవాలి. ఆ వయసు పిల్లలకు వాళ్ల పరీక్షలు వాళ్లకుంటాయి, పైగా చాలామంది ఎంపీసీ, బైపీసీ వాళ్లే దొరుకుతారు.

దీని ఫలితం ఎలా ఉంటుందో తెలంగాణ చరిత్ర పేపర్‌లో చూడవచ్చు. మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల గురించి విద్యార్థి చక్కగా చెప్పుకుంటూ పోతుంటాడు. 1865లో వచ్చిన జిలాబందీ విధానం దగ్గరికి రాగానే ఎంపీసీ చదివే స్క్రైబ్ కలం ఆగుతుంది, ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. "జిల్లాబంధి" అని రాసి ముందుకు వెళ్తుంది. విద్యార్థికి అది కనిపించదు. మూల్యాంకనం చేసే అధ్యాపకుడికి మాత్రం, ఈ అభ్యర్థికి పదం కూడా సరిగా తెలియదన్న అభిప్రాయం కలుగుతుంది. దీనికి విరుగుడు ఒకటే. పరీక్షకు ముందే ఆ పేపర్‌లో వచ్చే పారిభాషిక పదాలు, వ్యక్తుల పేర్లు, ఊర్ల పేర్లు అక్షరం అక్షరం విడదీసి చెప్పడం సాధన చేయాలి. పరీక్షలో అలాంటి పదం మొదటిసారి వచ్చినప్పుడు ఆగి, గుణింతంతో సహా చెప్పి, స్క్రైబ్ చేత తిరిగి చదివించుకోవాలి. అదనంగా ఇచ్చే గంట సమయం ఇలాంటి పనికోసమే.

గ్రాఫ్‌లకూ ఇదే క్రమశిక్షణ కావాలి. "డిమాండ్ రేఖ గీయి" అంటే సరిపోదు. అడ్డంగా ఉన్న అక్షం మీద పరిమాణం, నిలువు అక్షం మీద ధర, ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి వాలే గీత, దాని చివర ఏ అక్షరం రాయాలి, ఇవన్నీ మీ నోటి నుంచే రావాలి. బొమ్మను మాటల్లో చెప్పగలగడం చదువులో భాగం కావాలి, పరీక్ష గదిలో మొదలుపెట్టే పని కాదు.

## సంస్థ ఇచ్చే స్క్రైబ్

స్క్రైబ్‌ను సంస్థే ఏర్పాటు చేయాలని కోరే హక్కు మీకు ఉంది. వెతుకులాట తప్పుతుంది, అర్హతల మీద పరీక్ష ఉదయం వాదన ఉండదు, స్క్రైబ్ రాకపోతే బాధ్యత సంస్థది. కుటుంబం దగ్గర లేకుండా హాస్టల్లో ఉంటూ చదివే విద్యార్థికి, ముఖ్యంగా జిల్లాల నుంచి వచ్చి నగరంలో ఎవరూ తెలియని మొదటి సంవత్సరం విద్యార్థికి, నేను దీన్నే మొదట సూచిస్తాను.

లోటు పరిచయం లేకపోవడమే. దాన్ని పూడ్చుకునే వీలు కూడా 2018 మార్గదర్శకాల్లోనే ఉంది. సంస్థ ఇచ్చే స్క్రైబ్‌ను పరీక్షకు రెండు రోజుల ముందు కలిసి, ఆ వ్యక్తి సరిపోతారో లేదో చూసుకునే అవకాశం అభ్యర్థికి ఇవ్వాలి. ఈ సమావేశాన్ని దరఖాస్తులోనే రాతపూర్వకంగా అడగండి. కలిసినప్పుడు మర్యాద మాటలతో సరిపెట్టకుండా పాత ప్రశ్నపత్రం నుంచి ఒక ప్రశ్న చదివించుకుని, ఒక పేజీ జవాబు చెప్పి రాయించి, దాన్ని తిరిగి చదివించుకోండి. తెలుగు పేపర్‌కు ఒకరిని, ఇంగ్లీషు పేపర్‌కు మరొకరిని కోరవచ్చు. ఒక్కో పేపర్‌కు మాత్రం ఒక్కరే ఉండాలి.

సొంత స్క్రైబ్ మీదే పూర్తిగా ఆధారపడేవారు గమనించవలసిన మార్పు ఒకటి ఉంది. 2025లో కేంద్రం ఇచ్చిన కొత్త మార్గదర్శకాలు ఉద్యోగ, ప్రవేశ పోటీ పరీక్షల్లో సొంత స్క్రైబ్ పద్ధతిని క్రమంగా తగ్గించి, పరీక్ష నిర్వహించే సంస్థలే స్క్రైబ్‌ల జాబితా తయారు చేసుకోవాలన్న దిశలో ఉన్నాయి. డిగ్రీలో ఎప్పుడూ అన్నయ్య కొడుకుతోనే రాసి, మొదటి పోటీ పరీక్షలో అపరిచితుడి ముందు కూర్చుంటే తడబాటు తప్పదు. కనీసం ఇంటర్నల్స్‌లోనైనా కొత్త వ్యక్తితో రాయడం అలవాటు చేసుకోవాలి.

## కంప్యూటర్

స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఉన్న కంప్యూటర్ మీద స్వయంగా టైపు చేయడం, వాక్యం మీద అదుపు విషయంలో మిగతా అన్నింటికంటే పైన ఉంటుంది. రాసింది వెనక్కి వెళ్లి వినవచ్చు, పేరా మార్చవచ్చు, స్పెల్లింగ్ సరిచూసుకోవచ్చు. జవాబు మీది, తప్పు కూడా మీదే. స్క్రీన్ రీడర్లలో జాస్ కొనుక్కోవలసిన సాఫ్ట్‌వేర్, ఎన్‌వీడీఏ ఉచితం. కళాశాల "మా దగ్గర సాఫ్ట్‌వేర్ లేదు" అంటే, ఎన్‌వీడీఏకు పైసా ఖర్చు లేదన్న విషయాన్ని దరఖాస్తులోనే రాయడం మంచిది.

ఇంగ్లీషు మాధ్యమంలో ఆర్ట్స్, కామర్స్, న్యాయశాస్త్రం చదివే, చూపు లేని విద్యార్థికి నా సలహా సూటిగా ఇదే: మొదటి సంవత్సరం స్క్రైబ్‌తో రాస్తూనే టైపింగ్ నేర్చుకోండి, రెండో సంవత్సరం ఇంటర్నల్స్ కంప్యూటర్ మీద రాయండి, మూడో సంవత్సరానికి సెమిస్టర్ పరీక్షలు కూడా దాని మీదికి మార్చండి. ఒక్కసారిగా దూకితే వేగం సరిపోక మార్కులు పోతాయి. అసలు మారకపోతే పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం దగ్గరికి వచ్చేసరికి ప్రతి పేజీకీ మరొకరి చేతి మీద ఆధారపడవలసి వస్తుంది.

తెలుగు మాధ్యమం విద్యార్థికి ఇంత ధీమాగా చెప్పలేను. రెండు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది టైపింగ్. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద "పరీక్ష" అన్న మాటకు ప, ర, గుడి దీర్ఘం, క, పొల్లు, ష అని ఆరు కీలు వరుసగా నొక్కాలి, ష కోసం షిఫ్ట్ కూడా పట్టుకోవాలి. అలవాటైతే వేగం వస్తుంది, కానీ అలవాటు కావడానికి నెలలు పడుతుంది. రెండో అడ్డంకి ప్రశ్నపత్రం. తెలుగు ముద్రణలో చాలాకాలంగా వాడుకలో ఉన్న అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేత పద్ధతి) కావు. వాటిలో చేసిన ఫైలును స్క్రీన్ రీడర్ ముందు పెడితే తెలుగు బదులు అర్థంలేని గుర్తులు వినిపిస్తాయి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే ఏమీ వినిపించదు. అందువల్ల తెలుగులో కంప్యూటర్ పరీక్ష కోరేవారు రెండింటిలో ఒకటి స్పష్టంగా అడగాలి: ప్రశ్నపత్రం యూనికోడ్‌లో ఇవ్వమనడం, లేదా ప్రశ్నలు చదివి వినిపించడానికి రీడర్‌ను ఇవ్వమని కోరి, జవాబులు మాత్రం స్వయంగా టైపు చేయడం. ఈ రెండో మిశ్రమ పద్ధతి గురించి చాలామందికి తెలియదు. ప్రస్తుత పరిస్థితుల్లో తెలుగు మాధ్యమం వారికి ఇదే ఆచరణకు దగ్గరగా ఉన్న దారి అని నేను అనుకుంటున్నాను.

గణితం, భౌతికశాస్త్రం పేపర్లకు కంప్యూటర్ ఒక్కటే చాలదు. గణిత గుర్తులను మామూలు కీబోర్డు అక్షరాలతోనే రాసే లేటెక్ పద్ధతిలో సమీకరణాలు టైపు చేయడం నేర్చుకున్నవారు, మూల్యాంకనం చేసే అధ్యాపకుడి ఒప్పుదల కూడా ఉంటే, బాగా రాయగలరు. అది లేనప్పుడు సబ్జెక్టు గుర్తులు తెలిసిన స్క్రైబే మేలు.

పరీక్ష గది విషయంలో మూడు జాగ్రత్తలు ఉన్నాయి. మార్గదర్శకాల ప్రకారం సొంత ల్యాప్‌టాప్ అనుమతించరు, మీకు అలవాటైన కీబోర్డు, మౌస్ వంటివి మాత్రం తీసుకెళ్లవచ్చు. కంప్యూటర్‌ను ఒక రోజు ముందు పరీక్షించుకునే అవకాశం ఇవ్వాలి. ఆ రోజున స్క్రీన్ రీడర్ గొంతు, దాని వేగం, తెలుగు కీబోర్డు మారుతోందా, హెడ్‌ఫోన్ పనిచేస్తోందా, ఫైలు ఎక్కడ సేవ్ అవుతోంది, ప్రింటు ఎవరు తీస్తారు అన్నవన్నీ చూసుకోవాలి. అనుబంధ కళాశాలల్లో చదివేవారికి పరీక్ష కేంద్రం వేరే కళాశాలలో పడవచ్చు, కాబట్టి మీ ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారన్న ధైర్యంతో ఉండకూడదు. విశ్వవిద్యాలయ ఎగ్జామినేషన్ బ్రాంచి నుంచి ఆ కేంద్రం చీఫ్ సూపరింటెండెంట్‌కు లేఖ వెళ్లిందో లేదో కనుక్కోవాలి. నిజాం కాలేజీ వంటి స్వయంప్రతిపత్తి కళాశాలల్లో పరీక్షల విభాగం లోపలే ఉంటుంది కనుక అక్కడ మాట్లాడుకోవడం కొంత సులువు.

సాధనకు చోటు కావాలంటే, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చదివేవారు ఇందిరాగాంధీ స్మారక గ్రంథాలయంలో చూపు లేని పాఠకుల కోసం ఉన్న సదుపాయాల గురించి మొదటి వారంలోనే అడగాలి. ఎక్కడ చదివినా, 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకుంటే స్క్రీన్ రీడర్‌తో చదవగలిగే పుస్తకాలు దొరుకుతాయి. చెవితో చదవడం, చేతితో టైపు చేయడం, ఈ రెండూ కలిసి సాగితేనే కంప్యూటర్ పరీక్ష మీ స్వాధీనంలోకి వస్తుంది.

## సొంత చేతిరాత, అదనపు సమయంతో

చూపు కొంత మిగిలి ఉన్నవారు, చేయి నెమ్మదిగానైనా కదిలేవారు, డిస్‌గ్రాఫియా (రాతకు సంబంధించిన అభ్యసన వైకల్యం) తక్కువ స్థాయిలో ఉన్నవారు ఈ దారిని కొట్టిపారేయకూడదు. పక్కన ఎవరూ లేకపోవడం వల్ల ఆలోచనకు ఏకాగ్రత దొరుకుతుంది. ఏర్పాట్లలో తప్పిపోయేవి కూడా తక్కువ.

చూపు తక్కువగా ఉన్నవారు ప్రశ్నపత్రం విషయంలో కచ్చితంగా ఉండాలి. "జెరాక్స్ పెద్దది చేసి ఇస్తాం" అని అంటారు. ఏ4 కాగితాన్ని ఏ3కి పెంచితే అక్షరం 141 శాతం అవుతుంది, అంటే 11 పాయింట్ల అక్షరం పదిహేనున్నర పాయింట్లు మాత్రమే అవుతుంది. పైగా బల్ల మీద పట్టని కాగితం చేతికి వస్తుంది. తెలుగులో ఒత్తులు, గుణింతాల గుర్తులు అసలు అక్షరం కంటే చిన్నవి కాబట్టి ఇంగ్లీషుకు చాలిన పరిమాణం తెలుగుకు చాలదు. జెరాక్స్ కాకుండా, పెద్ద ఫాంట్‌లో తిరిగి ముద్రించిన పత్రం కావాలని, ఎన్ని పాయింట్లు కావాలో అంకెతో సహా రాయండి. మీకు సరిపడే పరిమాణం తెలియకపోతే బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట చూపు తక్కువ ఉన్నవారి పునరావాస విభాగంలో పరీక్ష చేయించుకుంటే, ఏ భూతద్దం, ఎంత వెలుతురు, ఎంత అక్షరం అన్నది తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. రెండు పేజీల తర్వాత కన్ను అలసిపోతుందా, చేయి బిగుసుకుంటుందా అన్నది ఇంట్లో పూర్తి మూడు గంటలు కూర్చుని రాసి చూస్తే తప్ప తెలియదు. పౌరుషం కొద్దీ ఈ దారి ఎంచుకోకండి. స్క్రైబ్‌ను తీసుకోవడం వల్ల ఎవరి ప్రతిభా తగ్గదు.

## బ్రెయిల్

బ్రెయిల్‌లో రాసిన జవాబును దిద్దగలిగే అధ్యాపకుడు డిగ్రీ స్థాయిలో దొరకడం కష్టం. అందుకే జవాబుల కోసం దీన్ని సూచించలేను. గణితంలో లెక్కలు వేసుకోవడానికి టేలర్ ఫ్రేమ్ (వేళ్లతో తడిమి అంకెలను అమర్చుకునే పలక), చిత్తు రాత కోసం బ్రెయిల్ పలక, ఇవి స్క్రైబ్‌తోనో కంప్యూటర్‌తోనో రాసేవారికి మంచి తోడు. వీటికీ మార్గదర్శకాల్లో అనుమతి ఉంది.

## ఒక్క చూపులో

| పద్ధతి | వాక్యం మీద అదుపు | తెలుగు మాధ్యమానికి | లెక్కలు, పటాలు | పరీక్ష రోజు ప్రమాదం | తర్వాతి చదువుకు |
|---|---|---|---|---|---|
| సొంత స్క్రైబ్ | మధ్యస్థం, పరిచయాన్ని బట్టి | అనువైనది | స్క్రైబ్ చదువును బట్టి | స్క్రైబ్ రాకపోవడం, అర్హతపై అభ్యంతరం | తక్కువ |
| సంస్థ స్క్రైబ్ | మొదట్లో తక్కువ | అనువైనది | ముందే అడిగితే మేలు | తక్కువ, బాధ్యత సంస్థది | పోటీ పరీక్షలకు అలవాటు |
| కంప్యూటర్ | అన్నింటికంటే ఎక్కువ | యూనికోడ్ పత్రం లేదా రీడర్ ఉంటేనే | కష్టం | సాంకేతిక లోపాలు | ఎక్కువ |
| సొంత చేతిరాత | ఎక్కువ | అనువైనది | అనువైనది | అలసట | మధ్యస్థం |

## ఎవరికి ఏది

పూర్తిగా చూపు లేక, ఇంగ్లీషు మాధ్యమంలో ఉండి, పరిశోధన వైపు వెళ్లాలనుకునేవారు కంప్యూటర్‌ను లక్ష్యంగా పెట్టుకోవాలి. అదే విద్యార్థి తెలుగు మాధ్యమంలో ఉండి, డిగ్రీ పూర్తవగానే ఉద్యోగం కావాలనుకుంటే, సంస్థ స్క్రైబ్‌తో సెమిస్టర్ పరీక్షలు రాస్తూ, ఆ మూడేళ్లలో ఇంగ్లీషు టైపింగ్ నేర్చుకోవడం తెలివైన పని. బ్యాంకు పరీక్షలకు, ఆ తర్వాత ఉద్యోగంలో చేరాక పనికి అదే ఆధారం.

సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలో మాట స్పష్టంగా ఉన్నవారికి, లేనివారికి ఎంపిక పూర్తిగా వేరు. మాట స్పష్టంగా ఉంటే ఏ స్క్రైబైనా సరిపోతారు. మాట అర్థం కావడం కష్టమైతే పరిచయమున్న స్క్రైబ్ గానీ, ఒక్క వేలితోనైనా టైపు చేయగలిగితే కంప్యూటర్ గానీ కోరాలి. ఒక్క వేలితో టైపు చేసేవారికి గంటకు 20 నిమిషాలు చాలకపోవచ్చు. మార్గదర్శకాలు 20 నిమిషాలను కనీస పరిమితిగానే చెప్పాయి కాబట్టి, వైద్యుడి లేఖతో అంతకంటే ఎక్కువ కోరడం న్యాయమే.

డిస్‌గ్రాఫియా, డిస్‌లెక్సియా (చదవడానికి సంబంధించిన అభ్యసన వైకల్యం) ఉన్నవారికి బయటికి కనిపించే వైకల్యం లేకపోవడం వల్ల ఇన్విజిలేటర్ల నుంచి ప్రశ్నలు, తోటివారి నుంచి గుసగుసలు ఎదురవుతాయి. ఇలాంటివారు విడిగా గది కోరడం మంచిది. రాయడమే ఇబ్బంది అయితే కంప్యూటర్, చదవడం ఇబ్బంది అయితే రీడర్, రెండూ అయితే స్క్రైబ్ అని విడదీసి చూసుకోవాలి.

వినికిడి లోపం ఉన్నవారికి స్క్రైబ్ వల్ల పెద్దగా ఉపయోగం లేదు. వారికి కావలసింది అదనపు సమయం, వివరణాత్మక ప్రశ్నలకు బదులు ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, ఇన్విజిలేటర్ నోటితో చెప్పే సవరణలను బోర్డు మీద రాయడం. పరీక్ష మధ్యలో "నాలుగో ప్రశ్నలో చిన్న తప్పుంది, సరిచేసుకోండి" అని ప్రకటిస్తే అది వారికి చేరదు. దరఖాస్తులో ఈ ఒక్క వాక్యం తప్పకుండా ఉండాలి.

డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దూరవిద్య చదివేవారికి రోజూ కళాశాలకు వెళ్లే అవసరం లేదు కనుక, అధికారులతో పరిచయమూ తక్కువే. వారు అధ్యయన కేంద్రం ద్వారా దరఖాస్తు పంపుతూనే, నకలును నేరుగా పరీక్షల విభాగానికి కూడా పంపాలి.

## కాగితాలు, గడువులు, నిరాకరణ

సదరం వైకల్య సర్టిఫికెట్ గానీ యూడీఐడీ (వైకల్యం ఉన్నవారి జాతీయ గుర్తింపు) కార్డు గానీ ముందుగా చేతిలో ఉండాలి. చూపు లేకపోవడం, రెండు చేతులూ ప్రభావితమైన శారీరక వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, ఈ మూడు వర్గాలకూ అడిగితే స్క్రైబ్ ఇవ్వాలి. మిగతావారు తమకు రాయడంలో ఇబ్బంది ఉందని, స్క్రైబ్ అవసరమని ప్రభుత్వ ఆసుపత్రి ప్రధాన వైద్యాధికారి లేదా సూపరింటెండెంట్ స్థాయి వ్యక్తి సంతకంతో నిర్ణీత నమూనాలో పత్రం తేవాలి. మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి అయినా, కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రి అయినా రద్దీ ఎక్కువగా ఉంటుంది, పరీక్షల నెలలో వెళ్తే పని కాదు.

దరఖాస్తులో పద్ధతి పేరు మాత్రమే రాసి ఊరుకోకండి. ఏ పేపర్‌కు ఏ పద్ధతి, ఎంత అదనపు సమయం, ప్రశ్నపత్రం ఏ రూపంలో, కింది అంతస్తులో గది, స్క్రైబ్‌ను కలిసే రోజు లేదా కంప్యూటర్‌ను పరీక్షించే రోజు, ఇవన్నీ విడివిడిగా రాయాలి. చక్రాల కుర్చీ వాడేవారు గదితోపాటు మరుగుదొడ్డి గురించి కూడా రాయాలి. కేంద్రంలో గది కింద ఉండి, వాడుకోగల మరుగుదొడ్డి పై అంతస్తులో ఉంటే నాలుగు గంటల పరీక్ష నరకం అవుతుంది. భవనాలు, వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలన్న ప్రమాణాలు సలహాలుగా కాక తప్పనిసరి నియమాలుగా ఉండాలని 2024 నవంబర్ 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన నివేదికను తయారు చేసింది మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రమే. కళాశాల అధికారితో మాట్లాడేటప్పుడు ఈ తీర్పును పేరుతో సహా ప్రస్తావించండి.

కోరిన పద్ధతిని నిరాకరిస్తే, కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. నోటి మాటగా చెప్పిన "కుదరదు"కు చాలాసార్లు కాగితం మీద చోటు దొరకదు, కారణం రాయమన్నప్పుడే అధికారి నిబంధనను తెరిచి చూస్తారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. అక్కడ తేలకపోతే ఉస్మానియా, జేఎన్‌టీయూ వంటి రాష్ట్ర సంస్థల విద్యార్థులు మలక్‌పేటలోని వికలాంగుల సంక్షేమ భవన్‌లో ఉన్న రాష్ట్ర కమిషనర్‌కు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), మనూ (మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం) వంటి కేంద్ర సంస్థల విద్యార్థులు ఢిల్లీలోని ప్రధాన కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుతోపాటు స్వీకరణ ముద్ర ఉన్న దరఖాస్తు నకలు, వైద్య పత్రం, నిరాకరణ లేఖ, పరీక్షల కాలపట్టిక జతచేయాలి. మొదటి పేపర్ తేదీని ఫిర్యాదు పై వరుసలోనే పెద్ద అక్షరాలతో రాస్తే, ఆ తేదీలోపు జవాబు రావలసిన విషయమని చదివేవారికి వెంటనే తెలుస్తుంది.